విశ్వాసి ఆటగాడు, గే టీమ్‌మేట్: జెర్సీ గొడవ పక్కన పెడితే లోపల ఎలా ఉంటున్నారు?

పీటర్_డాలస్
మా తెలుగు ఫెలోషిప్‌లో యూత్ పిల్లలు మొన్న గట్టిగా వాదించుకున్నారు. విషయం బేస్‌బాల్ పిచర్ క్లేటన్ కెర్షా టోపీ. 2025 జూన్‌లో అతని టీమ్ డాడ్జర్స్ ప్రైడ్ నైట్ (గే సమాజానికి మద్దతుగా జరిపే మ్యాచ్) రోజు టీమంతా ఇంద్రధనుస్సు రంగుల లోగో ఉన్న టోపీ పెట్టుకుంటే, ఈయన ఆ టోపీ మీదే ఆదికాండం 9:12-16 అని రాసుకుని మైదానంలోకి వచ్చాడు. నోవహుతో చేసిన నిబంధనకి గుర్తుగా దేవుడు మేఘంలో ధనుస్సు ఉంచిన వచనాలవి. సగం మంది పిల్లలు శభాష్ అన్నారు. మిగతావాళ్లు, అవతలివాళ్ల పండగ పూట వాళ్ల మొహం మీద వాక్యం విసిరినట్టుంది అన్నారు.

నాకు టోపీ కన్నా ఇంకో సంగతి కావాలి. మావాడు హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడతాడు. వాళ్ల టీమ్‌లో ఒకబ్బాయి తను గే అని అందరికీ చెప్పేశాడు. "డాడీ, మన చర్చిలో ఇలా అంటారు కదా, మరి నేను వాడితో ఎలా ఉండాలి?" అని మావాడు అడుగుతున్నాడు. నేను గుంటూరు లూథరన్ కుటుంబంలో పెరిగినవాణ్ణి, చర్చి ఏమంటుందో నాకు తెలుసు. ప్రొఫెషనల్ ఆటల్లో భక్తిపరులైన ఆటగాళ్లు గే సహచరులతో నిజంగా ఎలా మెలిగారు? ప్రసంగాలు వద్దు, జరిగినవి చెప్పండి.

బేస్‌బాల్_బాబాయ్
డేనియల్ మర్ఫీ, బిల్లీ బీన్ సంగతి మీవాడికి చెప్పండి పీటర్ గారూ. ఓక్లండ్ ఏస్ జనరల్ మేనేజర్‌గా చేసిన బిల్లీ బీన్ వేరు, ఈయన వేరు. ఈ బీన్ 1987 నుంచి 1995 దాకా టైగర్స్, డాడ్జర్స్, పాద్రేస్‌కి ఆడాడు. ఆడినన్నాళ్లూ తను గే అని టీమ్‌లో చెప్పుకోలేకపోయాడు. తనతో కలిసి బతికిన మనిషి 1995లో చనిపోతే ఆ దుఃఖం కూడా లోపలే దాచుకున్నాడు. 1999లో లోకానికి చెప్పాడు. 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆయన్నే పిలిచి, గే ఆటగాళ్లకి ఆటలో చోటుందని క్లబ్బులన్నిటికీ తిరిగి చెప్పే బాధ్యత ఇచ్చింది.

2015 మార్చిలో న్యూయార్క్ మెట్స్ వాళ్లు ఫ్లోరిడాలోని తమ ట్రైనింగ్ క్యాంపుకి ఆయన్ని పిలిచి, యూనిఫాం ఇచ్చి ఆటగాళ్ల మధ్యకి పంపారు. సెకండ్ బేస్ ఆడే మర్ఫీ గట్టి క్రిస్టియన్. విలేకరులు అడిగితే దాచలేదు. ఆయన జీవన విధానాన్ని నూటికి నూరు పాళ్లూ ఒప్పుకోను, అయినా ఆయనతో కలిసి మెలిసి ఉండటానికి, ఆయన్ని తెలుసుకోవడానికి అది అడ్డు కాదు అన్నాడు. నా జీవితంలోనూ క్రీస్తుకి అప్పగించాల్సినవి చాలా ఉన్నాయి, గర్వం లాంటివి, అని కూడా చెప్పాడు.

పెద్ద గొడవైంది. నేను అప్పట్లో క్వీన్స్‌లోనే ఉండేవాణ్ణి, రేడియో పెడితే అదే చర్చ. అప్పుడు బీన్ ఏమన్నాడో చూడండి: మర్ఫీ నిజాయితీగా మాట్లాడాడు, అందరినీ కలుపుకోవడం అంటే అందులో మర్ఫీ కూడా ఉంటాడు అని రాశాడు. ఆ మనిషి 2024 ఆగస్టులో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన మాట మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఒంగోలు_గిత్త
బాబాయ్, నేను చెప్పాలనుకున్నది ఇదే. మర్ఫీ ఎవర్నీ తిట్టలేదు, ఎవరి అవకాశమూ లాక్కోలేదు. తన నమ్మకం ఏంటో చెప్పాడు అంతే. దానికే అతన్ని రాక్షసుడిని చేశారు.

2022 జూన్‌లో టాంపా బే రేస్ బేస్‌బాల్ టీమ్‌లో ఐదుగురు పిచర్లు ప్రైడ్ నైట్ రోజు రెయిన్‌బో లోగో వద్దని మామూలు యూనిఫాంలో ఆడారు. వాళ్ల తరఫున మాట్లాడిన జేసన్ ఆడమ్, ఇది మా విశ్వాసాన్ని బట్టి తీసుకున్న నిర్ణయం, ఎవర్నీ చిన్నచూపు చూడటం లేదు, ఇక్కడికి అందరూ రావచ్చు అన్నాడు. మిగతా టీమ్ ఆ లోగో పెట్టుకుంది. ఒకే డగౌట్‌లో కూర్చుని ఆడారు. కొంపలేం మునగలేదు.

ఒక మనిషిని ప్రేమించడం వేరు, అతను చేసే ప్రతి పనికీ జెండా మోయడం వేరు. మా తాతల కాలం నుంచీ బాప్టిస్టులం మేము. ఈ తేడా మాకు చిన్నప్పుడే నేర్పారు.

వరంగల్_వంశీ
జెండా మొయ్యమని ఎవరూ అడగట్లేదు అన్నా. ఒక్క పూట టోపీ మీద రంగు మార్చారు, అంతే కదా. ఆర్మీ డే రోజు మిలిటరీ రంగుల టోపీ పెట్టుకున్నవాళ్లంతా యుద్ధానికి ఒప్పుకున్నట్టా?

లెఫ్టార్మ్_స్పిన్
బాబాయ్ గారు చెప్పిన కథ నిజమే, బీన్ పెద్ద మనసు చూపించాడు. కానీ ఒకటి గమనించండి. అప్పటికి బీన్ ఆట మానేసి ఇరవై ఏళ్లు. లీగ్‌లో హోదా ఉంది, జీతం ఉంది. సాయంత్రానికి ఆ క్యాంపు నుంచి వెళ్లిపోతాడు. మర్ఫీ పక్క లాకర్‌లో, ఇంకా ఎవరికీ చెప్పుకోని ఇరవై రెండేళ్ల కుర్రాడు ఉన్నాడనుకోండి. సీనియర్ ఆటగాడు మైకుల ముందు "ఒప్పుకోను" అన్నది వాడు విన్నాడు. వాడికి పెద్ద మనసు చూపించే అవకాశం ఎక్కడుంది? వాడు నోరు మూసుకుంటాడు. ఇంకో ఐదేళ్లు మూసుకునే ఉంటాడు.

సిడ్నీ_సుధ
ఆస్ట్రేలియా సంగతులు నేను చెప్తాను, ఇక్కడ ఇది రెండుసార్లు పెద్ద రచ్చ అయింది.

మొదటిది ఇజ్రాయెల్ ఫొలావ్. రగ్బీలో పెద్ద స్టార్, టోంగా మూలాలున్న కుటుంబం, తండ్రి పాస్టర్. 2014లో సిడ్నీలో గే రగ్బీ జట్ల టోర్నమెంట్ బింగమ్ కప్ జరిగితే, దాని ప్రచారం కోసం ఒక గే పత్రిక ముఖచిత్రం మీద కనిపించింది ఇతనే. అదే మనిషి 2019 ఏప్రిల్‌లో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పోస్ట్ పెట్టాడు: తాగుబోతులు, స్వలింగ సంపర్కులు, వ్యభిచారులు, అబద్ధికులు, దొంగలు, నాస్తికులు, విగ్రహారాధకులు, మీ కోసం నరకం ఎదురు చూస్తోంది అని. మేలో రగ్బీ ఆస్ట్రేలియా కాంట్రాక్ట్ రద్దు చేసింది. అతను కోర్టుకెళ్లాడు, డిసెంబర్లో రాజీ అయింది.

రెండోది 2022 జూలై, మాన్లీ సీ ఈగిల్స్ అనే సిడ్నీ రగ్బీ లీగ్ క్లబ్. మామూలుగా జెర్సీ మీద తెల్ల గీతలు ఉండేచోట రెయిన్‌బో గీతలు పెట్టి ఒక్క మ్యాచ్‌కి కొత్త జెర్సీ విడుదల చేశారు. ఆటగాళ్లని ముందుగా ఒక్క మాట అడగలేదు. ఏడుగురు ఆడమని కూర్చున్నారు. ఎక్కువ మంది పసిఫిక్ దీవుల కుటుంబాల పిల్లలే. కోచ్ డెస్ హాస్లర్, కెప్టెన్ చెర్రీ ఎవాన్స్ ప్రెస్ ముందు కూర్చుని ఇటు గే సమాజానికీ అటు ఆటగాళ్లకీ ఇద్దరికీ క్షమాపణ చెప్పారు. రూస్టర్స్ చేతిలో 20-10 తేడాతో ఓడిపోయారు. ఆ సీజన్‌లో ఇక కోలుకోలేదు, ఏడాది తిరక్కుండానే కోచ్ ఉద్యోగం కూడా పోయింది.

నాకు బాధనిపించింది ఏంటంటే, అది ఇయాన్ రాబర్ట్స్ ఆడిన క్లబ్. రగ్బీ లీగ్‌లో నేను గే అని బయటికి చెప్పిన మొదటి ఆటగాడు ఆయన, 1995లో. మొరటు ఆట, మొరటు జనం అనుకునే రోజుల్లో ధైర్యం చేశాడు. తన సొంత క్లబ్‌లోనే ఇలా జరిగిందని ఆయన ఎంత నొచ్చుకున్నాడో ఆ వారం టీవీలో చూసినవాళ్లకి తెలుసు.

ఆ ఏడుగురినీ నేను తిట్టను. మా వీధిలో టోంగన్ కుటుంబం ఉంది. వాళ్ల పిల్లాడికి చర్చి, క్లబ్బు, ఇల్లు అన్నీ ఒకటే లోకం. ఆదివారం పొద్దున కుటుంబమంతా తెల్ల బట్టలేసుకుని బయల్దేరుతారు. వాడు ఆ జెర్సీ వేసుకుంటే నాయనమ్మకి ఏం చెప్పుకోవాలి? ముందే కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే ఇయాన్ రాబర్ట్స్‌నే ఆ పిల్లలతో కలిపి ఉండొచ్చు. క్లబ్ ఆ పని చెయ్యలేదు.

వరంగల్_వంశీ
సుధ గారూ, ఫొలావ్ లిస్టులో విగ్రహారాధకులు కూడా ఉన్నారుగా. అంటే మా ఇంటిల్లిపాదికీ టికెట్లు బుక్ అయినట్టే. మా అమ్మ నిన్ననే భద్రకాళి గుడికి వెళ్లొచ్చింది 😀

ఒంగోలు_గిత్త
వంశీ తమ్ముడూ, అది చాలావరకు 1 కొరింథీయులకు 6వ అధ్యాయంలో పౌలు రాసిన జాబితాలోదే, ఫొలావ్ పూర్తిగా సొంతంగా రాసింది కాదు. కానీ నేను ఫొలావ్‌ని సమర్థించను. ఆ మాటల కిందే "మీలో కొందరు అట్టివారై యుంటిరి" అని కూడా ఉంది. అది రాసింది సంఘంలో ఉన్నవాళ్లని నిలబెట్టడానికి. దాన్ని తీసుకెళ్లి బయటివాళ్ల తలుపుకి నోటీసులా అంటించడం నాకూ నచ్చదు.

మాన్లీ ఏడుగురి సంగతి వేరు. వాళ్లు ఎవర్నీ ఏమీ అనలేదు. మ్యాచ్ వదులుకుని పక్కన కూర్చున్నారు.

సిడ్నీ_సుధ
ఏమీ అనలేదు, నిజమే. కానీ ఆ మ్యాచ్ జరిగిన స్టేడియానికి ఒక బీరు కంపెనీ పేరు. ఆ సీజన్లో జెర్సీ మీద బెట్టింగ్ కంపెనీ లోగో. తాగుడూ జూదమూ పాపమే అని వాళ్ల చర్చిల్లోనే చెప్తారు, వాటికి ఎవరూ అడ్డం తిరగలేదు. ఇక్కడి గే అభిమానులకి తగిలింది అదే. పాపాలన్నీ సమానమైతే మా దగ్గరే ఎందుకు ఆగారు అని.

బేస్‌బాల్_బాబాయ్
ఈ మాటకి జవాబు కావాలి గిత్తా. దాటెయ్యకు.

హాకీ_పిచ్చోడు
ఫిలడెల్ఫియా నుంచి. మా ఫ్లయర్స్ హాకీ టీమ్‌లో ఇవాన్ ప్రొవొరోవ్ వార్మప్ ఎగ్గొట్టిన రోజు, 2023 జనవరి 17. వార్మప్‌లో ప్రైడ్ జెర్సీ వేసుకోవాలి, నా రష్యన్ ఆర్థడాక్స్ మతానికి కట్టుబడి ఉంటాను అని లోపలే ఉండిపోయాడు, తర్వాత మామూలు జెర్సీలో మ్యాచ్ ఆడాడు. కోచ్ టార్టరెల్లా అతని పక్షాన నిలబడ్డాడు.

అందరూ ప్రొవొరోవ్ గురించే మాట్లాడారు. అదే టీమ్‌లో స్కాట్ లాటన్, జేమ్స్ వాన్ రీమ్స్‌డైక్ అని ఇద్దరు, గే యువతకి అండగా అప్పటికే ఒక కార్యక్రమం నడుపుతున్నారు. ఆ రాత్రి మ్యాచ్ అయ్యాక వాళ్లు ఆహ్వానించిన పిల్లల్ని కలిశారు. ఒకే గదిలో వార్మప్‌కి రానివాడూ ఉన్నాడు, ఆ పిల్లలతో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఆ గదిలో పొద్దున్నే ఏం మాట్లాడుకుని ఉంటారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత మార్చిలో శాన్ హోసే గోల్‌కీపర్ జేమ్స్ రైమర్, ఫ్లోరిడా తరఫున ఎరిక్, మార్క్ స్టాల్ అన్నదమ్ములు, అందరూ తమ క్రైస్తవ విశ్వాసమే కారణం అన్నారు. జూన్‌కల్లా లీగ్ వాళ్లు అసలు ఏ ప్రత్యేక వార్మప్ జెర్సీలూ వద్దని తీసేశారు. ప్రైడ్ ఒక్కటే కాదు, క్యాన్సర్ బాధితుల కోసం, సైనికుల కోసం వేసుకునేవి కూడా పోయాయి. అక్టోబర్లో స్టిక్‌కి రంగు టేపు కూడా వద్దన్నారు. ట్రావిస్ డర్మాట్ అనే కుర్రాడు లెక్కచెయ్యకుండా చుట్టుకుని ఆడేసరికి ఆ నిషేధం ఎత్తేశారు.

పైన లెఫ్టార్మ్ చెప్పిన కుర్రాడు ఊహ కాదు. లూక్ ప్రోకోప్, నాష్‌విల్ ప్రెడేటర్స్ కాంట్రాక్ట్ ఉన్న డిఫెన్స్‌మన్, 2021 జూలైలో పందొమ్మిదేళ్లకే గే అని చెప్పాడు. ఈ జెర్సీల గొడవ చూసి, ఇది వెనకడుగు, ఎవరి నమ్మకం వాళ్లదే కానీ గౌరవించడానికీ ఆమోదించడానికీ తేడా తెలుసుకోవాలి అన్నాడు.

కృపామణి
క్రైస్తవ ఆటగాళ్లు ఒకవైపు, గేలు ఒకవైపు అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. జేసన్ కాలిన్స్ రెండూ. 2013 ఏప్రిల్ 29న ఎన్‌బీఏలో ఆడుతూ ఉండగానే నేను గే అని చెప్పిన మనిషి. అదే వ్యాసంలో, మా అమ్మానాన్నలు నాకు క్రైస్తవ విలువలు నేర్పారు, యేసు బోధలు, ముఖ్యంగా సహనం గురించినవి, నేను మనసుకి తీసుకుంటాను అని రాశాడు. 98 నంబర్ వేసుకునేవాడు. 1998లో వ్యోమింగ్‌లో గే అన్న కారణంతో కొట్టి చంపిన మాథ్యూ షెపర్డ్ గుర్తుగా. 2014లో బ్రూక్లిన్ నెట్స్‌కి వచ్చాక డెన్వర్ వెళ్లినప్పుడు షెపర్డ్ తల్లిదండ్రుల్ని కలిశాడు.

ఆ ఏప్రిల్ రోజే ఈఎస్‌పీఎన్ టీవీలో బాస్కెట్‌బాల్ విలేకరి క్రిస్ బ్రూసార్డ్, ఇలా బహిరంగంగా బతకడం దేవుని మీద తిరుగుబాటే అన్నాడు. ఎదురుగా కూర్చున్నది ఎల్‌జెడ్ గ్రాండర్సన్. ఆయన గే, ఆయనా క్రైస్తవుడే. ఇద్దరూ కలిసి బాస్కెట్‌బాల్ ఆడిన స్నేహితులు, కలిసి భోంచేసేవాళ్లు. ఆ స్నేహం గురించి అదే షోలో ఇద్దరూ చెప్పారు. బ్రూసార్డ్ మాట నాకు కష్టంగా తోచింది. కానీ ఆ మాట అనకముందూ అన్న తర్వాతా ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

ఇంకోటి. అప్పుడు ఎన్‌బీఏ టీమ్ గోల్డెన్ స్టేట్ కోచ్ మార్క్ జాక్సన్, స్వయంగా పాస్టర్. కాలిన్స్ గురించి అడిగితే, క్రైస్తవుడిగా ఏది తప్పో ఏది ఒప్పో నాకు నమ్మకాలున్నాయి, ఆ కుటుంబం నాకు తెలుసు, వాళ్ల కోసం ప్రార్థిస్తున్నాను అన్నాడు. ఆ టీమ్ ప్రెసిడెంట్ ఎవరు? రిక్ వెల్ట్స్. 2011లోనే గే అని బయటికి చెప్పిన మనిషి. ఒకే ఆఫీసు, ఒకే జీతాల బడ్జెట్, ఒకే టీమ్. నా పై అధికారి గే అయ్యుండి నేను మైకుల ముందు "ప్రార్థిస్తున్నాను" అంటే ఆయన దాన్ని ఎలా తీసుకోవాలి? మనవాళ్లు ఎవరికైనా జబ్బు చేసినప్పుడు అనే మాట అది. నేను హాస్పిటల్లో నర్సుని, ఆ మాట ఎప్పుడు ఓదార్పో ఎప్పుడు తీర్పో వినేవాళ్ల ముఖంలో రోజూ చూస్తాను.

ఒంగోలు_గిత్త
సిస్టర్, ప్రార్థన కూడా తప్పేనా ఇప్పుడు?

కృపామణి
ప్రార్థన తప్పని నేను అనలేదు బ్రదర్. గదిలో తలుపేసుకుని చెయ్యమని ప్రభువే చెప్పాడు. ప్రెస్ మీట్‌లో చెయ్యమనలేదు.

మోడరేటర్
ఒక పోస్ట్ తీసేశాను. గేలని గానీ క్రైస్తవుల్ని గానీ బూతులు తిడితే ఇక్కడ ఉండదు. మిగతా చర్చ బాగుంది, కొనసాగించండి.

సెయింట్‌లూయీ_శ్రీను
మైకేల్ శామ్ గురించి ఎవరూ చెప్పలేదేంటి. మిజోరి యూనివర్సిటీ, అమెరికన్ ఫుట్‌బాల్. 2013 ఆగస్టులో టీమంతా కూర్చున్నప్పుడు నేను గే అని చెప్పాడు. వందమందికి పైగా ఉన్న కాలేజీ టీమ్, అందరి చేతుల్లో ఫోన్లు, ట్విట్టర్. సీజన్ అయిపోయేదాకా ఒక్కడు కూడా బయట పెట్టలేదు. ఆ ఏడాది 12 గెలిచి 2 ఓడి, కాటన్ బౌల్ కొట్టారు. ఆ టీమ్‌లో ఆదివారం చర్చికి వెళ్లే పిల్లలు తక్కువేం కాదు. పీటర్ గారి అబ్బాయికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. ఎవరి వేదాంతం వాళ్లు ఉంచుకున్నారు, తోటివాడి మాట కాపాడారు.

ఆ తర్వాతే చేదు. 2014 ఫిబ్రవరిలో లోకానికి చెప్పాడు, మేలో అప్పటి మా ఊరి ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ రామ్స్ డ్రాఫ్ట్‌లో 249వ పిక్‌గా తీసుకున్నారు. జూలైలో మాజీ కోచ్ టోనీ డంగీ, నేనైతే తీసుకునేవాణ్ణి కాదు, ఆ హడావిడి అంతా నాకెందుకు అన్నాడు. డంగీ అంటే నాకు చాలా గౌరవం. సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి హెడ్ కోచ్, విశ్వాసం దాచుకోనివాడు. కుక్కల పందేల కేసులో జైలుకెళ్లొచ్చిన మైకేల్ విక్‌ని చెయ్యిపట్టి మళ్లీ ఆటలోకి తెచ్చింది ఈయనే. విక్ వెంట వచ్చిన హడావిడి తక్కువా? అక్కడ భరించగలిగింది ఇక్కడ ఎందుకు భరించలేకపోయాడు? శామ్ ఒక్క రెగ్యులర్ సీజన్ మ్యాచ్ కూడా ఆడకుండానే లీగ్ నుంచి పోయాడు.

హాకీ_పిచ్చోడు
అవును, అక్కడి నుంచి 2021 దాకా ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లో ఉంటూ గే అని చెప్పినవాళ్లు ఎవరూ రాలేదు. ఆ జూన్‌లో రైడర్స్ నుంచి కార్ల్ నాసిబ్ ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పాడు. సెప్టెంబర్లో రేవెన్స్ మీద ఓవర్‌టైమ్‌లో లమార్ జాక్సన్ చేతిలో బంతి ఊడగొట్టి టీమ్‌ని గట్టెక్కించింది అతనే. ఆ రోజు అతని మీదకి ఎగబడి కౌగిలించుకున్నవాళ్లలో ఎవరు బాప్టిస్టో ఎవరు కేథలిక్కో ఎవరూ చూడలేదు.

లండన్_లాజరు
ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా బరువైన కథ జస్టిన్ ఫషాను. 1981లో నాటింగమ్ ఫారెస్ట్ పది లక్షల పౌండ్లకి కొన్నది, అంత ధర పలికిన మొదటి నల్లజాతి ఆటగాడు. ఆ ఊళ్లో ఉండగానే బోర్న్ ఎగైన్ క్రైస్తవుడయ్యాడు. గే క్లబ్బులకి వెళ్తున్నాడని మేనేజర్ బ్రయన్ క్లఫ్ టీమ్ ముందే కించపరిచాడు, చివరికి ట్రైనింగ్ గ్రౌండ్ నుంచి పోలీసులతో పంపించేశాడు. 1990 అక్టోబర్లో పేపర్లో నేను గే అని చెప్పాడు. సొంత తమ్ముడు, అతనూ ఫుట్‌బాలరే, నాకు సంబంధం లేదన్నట్టు మాట్లాడాడు. 1998 మేలో లండన్‌లో ప్రాణం తీసుకున్నాడు. తన విశ్వాసానికీ తన మనసుకీ మధ్య సాయం చేసే ఒక్క మనిషి డ్రెస్సింగ్ రూమ్‌లో దొరకలేదు. అక్కడ ఇంకో క్రైస్తవుడు పక్కన కూర్చుని ఉంటే అని నేను చాలాసార్లు అనుకుంటాను.

ఇప్పటి కాలం మెరుగే. 2024 డిసెంబర్ ప్రాంతంలో క్రిస్టల్ ప్యాలెస్ కెప్టెన్ మార్క్ గేహి, తండ్రి పాస్టర్, రెయిన్‌బో ఆర్మ్‌బ్యాండ్ పెట్టుకునే దాని మీద "ఐ లవ్ జీసస్" అని రాశాడు. మతం రాతలు కూడదని ఫుట్‌బాల్ అసోసియేషన్ గుర్తుచేస్తే, తర్వాతి మ్యాచ్‌కి "జీసస్ లవ్స్ యూ" అని రాసుకొచ్చాడు. ఆర్మ్‌బ్యాండ్ తీసెయ్యలేదు చూశారా. నాకు అది నచ్చింది. రెండూ ఒకే చేతి మీద ఉన్నాయి.

లెఫ్టార్మ్_స్పిన్
ఇంతసేపూ బయటివాళ్ల సంగతులే కదా. నాది చెప్తాను. ఎవరూ జాలి పడక్కర్లేదు.

మాది కృష్ణా జిల్లా, సీఎస్ఐ కుటుంబం, నాన్న సంఘంలో పెద్ద. నేను గే. న్యూజెర్సీలో వీకెండ్ లీగ్ ఆడతాను. మా టీమ్‌లో సగం మంది తెలుగు క్రైస్తవులే, మ్యాచ్‌కి ముందు చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తాం. ఒకరోజు మాటల్లో విషయం బయటపడింది. ఆ తర్వాత వారం గ్రౌండ్‌కి వెళ్లి ఎప్పటిలాగే బెంచీ మీద నా కిట్ బ్యాగ్ పెట్టాను. మా ఓపెనర్ ఒకతను లేచి తన బ్యాగ్ తీసుకుని బెంచీ అటు చివరికి జరిపాడు. ఒక్క మాట అనలేదు. ప్రార్థన వేళ నా పక్క నుంచి తప్పుకుని ఇంకొకరి చెయ్యి పట్టుకున్నాడు. అతను నన్ను తిట్టి ఉంటే ఏదో ఒకటి జవాబు చెప్పేవాణ్ణి.

మా వికెట్ కీపర్ ఉన్నాడు, పెంతెకోస్తు, గిత్త గారి కన్నా కరడుగట్టినవాడు. ఆ రోజు కార్లో ఇంటికి దింపుతూ, "నేను నమ్మేది నీకు తెలుసు, అది మారదు. నువ్వు నా బౌలర్‌వి, అదీ మారదు. వచ్చే వారం ఆరున్నరకి పికప్" అన్నాడు. వాళ్లావిడ కట్టిన పులిహోర డబ్బా చేతిలో పెట్టాడు. ఇప్పటికీ వాడి కార్లోనే వెళ్తాను. వాడూ నేనూ ఈ విషయం మీద ఒప్పుకోము, అప్పుడప్పుడు వాదించుకుంటాం కూడా. వాడి ముందు నేను ఏమీ దాచుకోవక్కర్లేదు.

పీటర్ గారూ, మీవాడు అడిగిన దానికి నాకు తెలిసిన జవాబు ఇదే. అబ్బాయి ఆ కుర్రాడి పక్క నుంచి బ్యాగ్ తియ్యకపోతే చాలు.

బేస్‌బాల్_బాబాయ్
మీ కీపర్‌ని ఈ వేదికలోకి తీసుకురండి నాయనా. ఇంత చర్చలో అందరికన్నా తక్కువ మాటలు వాడింది అతనే.

పీటర్_డాలస్
లెఫ్టార్మ్ తమ్ముడూ, ఇది మావాడికి చదివి వినిపిస్తాను. పేరు లేకుండా యూత్ మీటింగ్‌లో చెప్పొచ్చా? మిజోరి టీమ్ కథ, ఫషాను కథ కూడా చెప్తాను. మా పాస్టర్ గారు ఏమంటారో చూడాలి. ఆయన ఒప్పుకోకపోయినా పిల్లలు విననీ.

లెఫ్టార్మ్_స్పిన్
చెప్పండి. ఊరు మాత్రం వద్దు.

నిజాంసాబ్_మనవడు
మన దగ్గరా ఉంది కదా, స్ప్రింటర్ ద్యుతీ చంద్. ఒడిశా అమ్మాయే అయినా హైదరాబాద్‌లో నాగపురి రమేష్ గారి దగ్గర ట్రైనింగ్ తీసుకుని పరిగెత్తింది. 2018 సెప్టెంబర్లో స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, 2019 మేలో ఒక అమ్మాయితో కలిసి బతుకుతున్నానని చెప్పింది. ఇంట్లోవాళ్లే ఎదురు తిరిగారు. అక్కడ బైబిల్ లేదు, కుటుంబ పరువు ఉంది. అందుకే ఇదంతా ఒక్క క్రైస్తవుల నెత్తిన పెట్టడం నాకు న్యాయం అనిపించదు.

కృపామణి
నిజం. కానీ అమెరికాలో లాకర్ రూమ్ లోపలికి చాప్లిన్‌ని (టీమ్‌కి ఆరాధన జరిపే పాస్టర్‌ని) పంపే ఏర్పాటు ఉన్నది మనకే. ఆదివారం కూడా మ్యాచ్‌లుంటాయి, చర్చికి వెళ్లలేరని 1973 నుంచి బేస్‌బాల్ చాపెల్ వాళ్లు క్లబ్‌హౌస్‌లోనే ఆరాధన పెడుతున్నారు. అంత దగ్గరగా ఉన్నప్పుడు బాధ్యత కూడా ఎక్కువే. దాచుకుని బతుకుతున్న కుర్రాడు ఆ గది ముందు నుంచే నడుచుకుంటూ పోతాడు. లోపల ఏం చెప్తున్నారో అతనికీ వినిపిస్తుంది.

ఒంగోలు_గిత్త
బాబాయ్ దాటెయ్యకు అన్నాడు కాబట్టి సుధ గారికి జవాబు. బీరు, బెట్టింగ్ లోగోల దగ్గర నోరెత్తకుండా రెయిన్‌బో దగ్గర మాత్రమే ఆగితే అది సరి కాదు, ఒప్పుకుంటాను. నిజంగా మనస్సాక్షి అయితే అన్నిటి దగ్గరా ఆగాలి. అయినా ఆగినవాడికి ఆగే హక్కు ఉండాలన్నది నా మాట. ఇప్పుడు నేను అడుగుతున్నాను. లెఫ్టార్మ్ కీపర్ లాంటివాడే, మనిషిగా బంగారం, రేపు వాళ్ల లీగ్ ప్రైడ్ జెర్సీ ఇస్తే నేను వేసుకోను అన్నాడనుకోండి. అతన్ని టీమ్ నుంచి తీసెయ్యాలా?

సిడ్నీ_సుధ
తీసెయ్యకూడదు. మాన్లీ వాళ్లు చేసిన తప్పు మళ్లీ చెయ్యకుండా, జెర్సీ కుట్టించే ముందే కూర్చోబెట్టి అడగాలి.

లెఫ్టార్మ్_స్పిన్
గిత్త గారూ, వాడు వేసుకోనంటే నాకు బాధే, లేదని అబద్ధం చెప్పను. కానీ తీసెయ్యమని నేను అడగను. వాడు ఎందుకు వేసుకోవడం లేదో మైకు ముందు కాకుండా ముందు నాతో చెప్తాడని నాకు తెలుసు. ప్రొవొరోవ్, రైమర్, ఆ ఐదుగురు పిచర్ల విషయంలో నేను అడిగేది కూడా అంతే. ప్రకటన రాసే ముందు, మీ టీమ్‌లోనో మీ లీగ్‌లోనో మీకు తెలిసిన ఒక్క గే మనిషితో కూర్చుని మాట్లాడారా? మాట్లాడి ఉంటే ఆ తర్వాత ఏ జెర్సీ వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఒంగోలు_గిత్త
ఇది న్యాయమైన ప్రశ్న.

పీటర్_డాలస్
శుక్రవారం వాళ్ల మ్యాచ్. ఆ అబ్బాయి ఇల్లు మా దారిలోనే ఉందట, కార్లో ఎక్కించుకుందామా డాడీ అని మావాడు అడిగాడు. సరే అన్నాను.